అలబామా ఆటోమేటిక్ స్కాలర్‌షిప్పా, టెక్సస్ వేవరా?

పిల్లలు పక్క రాష్ట్రం కాలేజీలో చేరితే అవుట్ ఆఫ్ స్టేట్ ఫీజు తడిసి మోపెడవుతుందని అమెరికాలోని మనవాళ్లు ముందే వెనకడుగు వేస్తారు. మెరిట్ ఉన్న పిల్లలకు రెండు మంచి దారులున్నాయి. రెండూ ఒకేలా పనిచేయవు.

యూనివర్సిటీ ఆఫ్ అలబామాలో లెక్క పారదర్శకం. జీపీఏ (హైస్కూల్ మార్కుల సగటు), ఎస్ఏటీ లేదా ఏసీటీ అనే ప్రవేశ పరీక్షల స్కోరు చూసి ఎంత ఇస్తారో పట్టిక వేసి పెడతారు. అప్లై చేయకముందే ఇంట్లో కూర్చుని నాలుగేళ్ల ఖర్చు సుమారుగా తేల్చుకోవచ్చు. పీఎస్ఏటీ పరీక్ష ద్వారా జరిగే నేషనల్ మెరిట్ అనే జాతీయ పోటీలో ఫైనలిస్టులకైతే ప్యాకేజీ ఇంకా పెద్దది. ఒకప్పుడు ఆ పోటీకి సిటిజన్ గానీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు లేదా దానికి అప్లై చేసినవాళ్లు గానీ అయ్యుండాల్సి వచ్చేది. ఇప్పుడు అమెరికాలో హైస్కూల్ చదివే హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలూ పోటీ పడొచ్చు.

టెక్సస్‌లో పద్ధతి వేరు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ పోటీ ద్వారా ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే, బయటి రాష్ట్రం వాళ్లకే కాదు, విదేశీ విద్యార్థులకు కూడా స్థానిక ఫీజే వర్తించే వీలుంది. ఈ ఫీజు మినహాయింపునే వేవర్ అంటారు. అంటే చేతికొచ్చే వెయ్యి కన్నా తగ్గే ఫీజే చాలా ఎక్కువ! ఎమ్మెస్‌కి వెళ్లే మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. కానీ సీట్లు పరిమితం, గ్యారంటీ లేదు. రాలేదంటే పూర్తి ఫీజే.

స్కోరు బలంగా ఉండి టెన్షన్ వద్దనుకుంటే నా ఓటు అలబామాకే. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చేవాళ్లు మాత్రం టెక్సస్ స్కాలర్‌షిప్ గడువు తేదీలను అడ్మిషన్ గడువుతో కలిపేయకుండా విడిగా రాసి పెట్టుకోవాలి.