జిల్లేడు పురుగులతో నాలుగేళ్లు: ఇంట్లో సీతాకోకచిలుకల పెంపకం, నా అనుభవం

ఈ పని మొదలుపెట్టాలనుకునే వాళ్లకు ముందుగా ఒక మాట. ఇందులో సీతాకోకచిలుకను చూసే సమయం చాలా తక్కువ. దాని రెక్కలు ఆరడానికి గంట, రెండు గంటలు పడుతుంది, ఆ తర్వాత అది వెళ్లిపోతుంది. మిగిలిన మూడు, నాలుగు వారాలూ ఆకులు తేవడం, పెంట ఎత్తడం, డబ్బాలు తుడవడం. అది ఇష్టంగా చేయగలిగితేనే ఇందులోకి రండి. నేను అనంతపురంలో నాలుగేళ్లుగా చేస్తున్నాను, ఇంకా చేస్తాను.

దీనికి మూలం మా అక్క. వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. పెరట్లో మిల్క్‌వీడ్ మొక్కలు వేసి, ఎండాకాలమంతా మోనార్క్ సీతాకోకచిలుకలను పెంచుతుంది. వీడియో కాల్‌లో పట్టీల గొంగళి పురుగులు, ఆకుపచ్చటి ప్యూపా (పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు), దాని మీద బంగారు చుక్కలు చూపించి, "మన ఊర్లో ఇట్లాంటివి యాడుంటాయే?" అంది. నేనూ లేవనే అనుకున్నాను. వారం తిరక్కముందే, స్కూలుకు వెళ్లే దారిలో ఖాళీ ప్లాటులో ఉన్న జిల్లేడు చెట్టు మీద అచ్చం అలాంటి పురుగే కనిపించింది. ఒంటి నిండా నలుపు, తెలుపు, పసుపు పట్టీలు. ఒక్కటే తేడా: మోనార్క్ పురుగుకు కొమ్ముల్లాంటి నల్లటి తీగలు రెండు జతలే, మన దానికి మూడు జతలు.

దాని పేరు ప్లెయిన్ టైగర్. శాస్త్రీయ నామం డానస్ క్రిసిప్పస్. మోనార్క్ డానస్ ప్లెక్సిపస్. రెండూ ఒకే ప్రజాతివి, రెండింటికీ పేరు పెట్టింది జీవులకు శాస్త్రీయ నామాల పద్ధతి తెచ్చిన లిన్నేయసే, 1758లో. అది అక్కడి మిల్క్‌వీడ్ పాలు తాగి చేదెక్కుతుంది, ఇది మన జిల్లేడు పాలు తాగి చేదెక్కుతుంది. ఆ విషం ఒంట్లో దాచుకుంటాయి కాబట్టే పక్షులు వాటి జోలికి రావు, అందుకే రెండూ అంత తీరిగ్గా ఎగురుతాయి. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుబడ్డ చోట, నీళ్లు పోయకపోయినా బతికే చెట్టు మీద మోనార్క్‌కు చెల్లెలి వరస పురుగు ఉందని తెలిసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇంట్లో ఒప్పించడం మాత్రం తేలిక కాలేదు. వెనక గోడ పక్కన జిల్లేడు మొలిస్తే నేను పీకనివ్వలేదు. మా అత్తమ్మ చాలా బాధపడింది. "ఇంట్లో జిల్లేళ్లు మొలవ అని జనం తిట్టుకుంటారు. నువ్వేందమ్మా నీళ్లు పోసి పెంచుతావు?" అంది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. పాడుబడ్డ ఇళ్లను ఆమె కళ్లారా చూసింది, కరువులకు ఊళ్లు వదిలిన వాళ్లను చూసింది. రథసప్తమి వచ్చింది. తల మీద, భుజాల మీద పెట్టుకోవడానికి జిల్లేడు ఆకులు కావాలి. ఏటా ఎక్కడెక్కడో వెతికేవాళ్లం, ఆ ఏడు పెరట్లోనే కోశాం. ఆమె తెంపిన ఆకు అడుగున గసగసాలంత గుడ్డు ఒకటి ఉంది. ఆ ఆకును పక్కన పెట్టి, నాకు ఇచ్చి, వేరేది తెంపుకుంది. ఆ రోజు నుంచి చెట్టు గురించి మాట రాలేదు.

ఇక రోజువారీ పని. గుడ్డు పాలరంగులో ఉంటుంది, పొదిగే ముందు కొన నల్లబడుతుంది. మా ఊరి వేడికి మూడు, నాలుగు రోజుల్లో పురుగు బయటికొస్తుంది. మొదట గుడ్డు పెంకునే తింటుంది. ఆ తర్వాత దాదాపు రెండు వారాలు తిండే తిండి. మొదటి వారంలో ఎంత తింటుందో కనిపించదు, చివరి నాలుగు రోజుల్లో మాత్రం నిద్ర లేచేసరికి ఆకు మాయమై నడి ఈనె మిగులుతుంది. పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం అరగంట నాకు కచ్చితంగా పడుతుంది. పది పురుగులకు అది. ఒకసారి ఆశకొద్దీ నలభై పెట్టుకున్నాను. వంట, స్కూలు, పాప హోంవర్కు అన్నీ వెనకబడ్డాయి. తాడిపత్రిలో పెళ్లి ఉంటే ఉదయం వెళ్లి ముహూర్తం కాగానే భోజనం కూడా చేయకుండా వచ్చేశాను. అలా బతకడం ఇంట్లో వాళ్లకు న్యాయం కాదు. అప్పటి నుంచి ఒక విడతకు పది దాటనివ్వను.

పెంపకం సంగతులు నాకు నేర్పింది వీడియోలు కాదు, హిందూపురం దగ్గర పట్టుపురుగులు పెంచే మా మేనమామ. ఆయన దృష్టిలో పురుగు ఏదైనా పురుగే. ఒకసారి మా ఇంటికొచ్చి డబ్బా మూత తీసి, వాసన చూసి, "పాపా, ఆకు కొంచెం తక్కువైనా పురుగు తట్టుకుంటుంది. తడి ఎక్కువైతే తట్టుకోదు" అన్నాడు. నేను ఆకులు కడిగి అలాగే వేస్తున్నాను. ఆ విడతలో సగం పురుగులు మెత్తబడి, నల్లబడి, వెనక కాళ్లతో వేలాడుతూ చచ్చిపోయాయి. ఆయన చెప్పాక కడిగిన ఆకును గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి వేస్తున్నాను. డబ్బా అడుగున పాత దినపత్రిక, రోజుకు రెండుసార్లు మార్చడం. ఇంతే చేశాను, నల్లబడి చావడం దాదాపు ఆగిపోయింది.

పురుగు కదలకుండా, తినకుండా తల ఎత్తి ఉంటే నేను భయపడేదాన్ని. పట్టు రైతులు దాన్ని జ్వరం అంటారు. పొర విడిచే సమయం. ఆ రోజు ముట్టుకోకూడదు, ఆకు మీద నుంచి లాగకూడదు. మన పురుగు నాలుగుసార్లు జ్వరానికి పోయి, ఐదోసారి ప్యూపా అవుతుంది. ఈ ఒక్క మాట తెలియక మొదటి ఏడు ఎన్ని పురుగులను పోగొట్టుకున్నానో.

నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం సీతాకోకచిలుక పుట్టడం కాదు, పురుగు ఆకు తినే పద్ధతి. జిల్లేడు ఆకు తెంచితే పాలు ఎలా కారుతాయో మనకు తెలుసు. ఆ జిగట పాలలో చిన్న పురుగు అతుక్కుపోగలదు. అందుకని ముందు ఆకు మీద గుండ్రంగా కొరికి గాడి చేస్తుంది. పాలు ఆ గాడి దగ్గరే కారిపోతాయి, అది తాపీగా లోపలి భాగం తింటుంది. పెద్దదయ్యాక నడి ఈనెనే కొరికి వంచేస్తుంది. మా పాప భూతద్దం పట్టుకుని ఇది చూస్తూ ఒక ఆదివారమంతా గడిపింది.

పంజరం విషయం. మొదట ఆన్‌లైన్లో మడత పెట్టే వల పంజరం కొన్నాను. ఆరు నెలల్లో జిప్పు పోయింది, ఆ సందులోంచి చీమలు దూరాయి. ఇప్పుడు వాడేది వడ్రంగి చేత నాలుగు కర్రలు కొట్టించి, దోమతెర గుడ్డ దర్జీ దగ్గర కుట్టించుకున్నది. దానికయిన ఖర్చు కొన్నదాని కంటే తక్కువ, మూడేళ్లుగా నిలిచింది. కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెడితే చీమలు రావు, ఇదీ మామ చెప్పిందే. ఎత్తు కనీసం రెండడుగులు ఉండాలి. సీతాకోకచిలుక ప్యూపా నుంచి బయటికొచ్చాక రెక్కలు కిందికి జారవిడిచి ఆరబెట్టుకోవాలి, చోటు లేకపోతే ముడతపడి అలాగే గట్టిబడతాయి. డబ్బాలో ఉంచేసిన రెండింటికి అలా జరిగింది. అవి ఎగరలేదు. చక్కెర నీళ్లు పెట్టి ఉన్నన్ని రోజులూ చూసుకున్నాను, కానీ తప్పు నాదే.

చావుల గురించి దాచను. ఒక రాత్రి బంధువులు వచ్చి, పక్క గదిలో దోమల మందు ప్లగ్గులో పెట్టారు. పొద్దునకు పురుగులన్నీ ఆకుపచ్చటి నీళ్లు కక్కి చచ్చి ఉన్నాయి. మరోసారి చీనీ తోట గట్టు మీది జిల్లేడు ఆకు తెచ్చాను, తోటకు మందు కొట్టారని తెలియదు. అదే ఫలితం. పురుగులున్న ఇంట్లో దోమల మందు ఉండకూడదు, పొలాల పక్కన ఆకు తేకూడదు.

ఇంకొకటి ఈగ. బయట దొరికిన పెద్ద పురుగులను తెచ్చి పెంచితే, ప్యూపా అయ్యాక పక్కన చిన్న రంధ్రం పడి, జిగట దారం పట్టుకుని తెల్లటి ఈగ పిల్లలు దిగడం చూశాను. మామకు ఫోటో పంపితే, "మా పట్టుపురుగులకు ఉజి ఈగ ఎట్లనో, నీకు ఇది అట్ల" అన్నాడు. ఈగ ముందే పురుగు మీద గుడ్డు పెట్టేసి ఉంటుంది, మనం తెచ్చాక చేసేదేమీ లేదు. అందుకే పెద్ద పురుగులు తేను, గుడ్లే తెస్తాను. మొదటి ఏడు నా నోటుబుక్కు ప్రకారం అరవైలో పందొమ్మిది బతికాయి. పోయిన కార్తీకంలో పదికి ఎనిమిది.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ఇది: జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. రెండో ఏడు ఆకులు తెంపి, చేతులు కడగకుండా కన్ను నలుపుకున్నాను. నొప్పి పెద్దగా లేదు, అదే మోసం. సాయంత్రానికి ఆ కంటికి అంతా మంచు కప్పినట్టు అయింది. కంటి డాక్టరు చుక్కల మందు ఇచ్చారు, చూపు తేటపడేసరికి పది రోజులు. పాప కళ్లకు అలా జరిగి ఉంటే అన్న ఆలోచనకే నాకు చెమట పట్టింది. ఇప్పుడు చేతి తొడుగులు, కళ్లజోడు లేకుండా చెట్టు దగ్గరికి పోను. ఆకు తెంపే పనిలో పాపకు చోటు లేదు.

అక్కతో మాట్లాడేటప్పుడు తెలిసిన ఒక తేడా నా పద్ధతి మార్చింది. అక్కడి మోనార్క్‌లు శరదృతువులో వేల కిలోమీటర్లు ఎగిరి మెక్సికో కొండల్లోని ఓయమెల్ ఫర్ చెట్ల మీద చలికాలం గడుపుతాయి. ఆ చోటు శాస్త్రవేత్తలకు తెలిసిందే 1975లో. వలస వెళ్లే మోనార్క్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2022లో అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది, మరుసటి ఏడు ఒక మెట్టు తగ్గించింది. కాబట్టి అక్కడ చాలామంది కాపాడాలనే పెంచుతారు. కానీ ఇళ్లలో వందల కొద్దీ పెంచొద్దని అక్కడి సంరక్షకులే చెబుతున్నారు. ఇరుకులో ఓ.ఇ. అనే పరాన్నజీవి ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకుతుంది. ఇంట్లో పెరిగినవి దక్షిణం దిక్కు పట్టుకోలేకపోయాయని 2019లో ఒక పరిశోధన వచ్చింది. బయట కొన్నాళ్లు ఉంటే సర్దుకుంటాయని ఆ తర్వాత మరొకటి వచ్చింది. అక్క ఇప్పుడు ఏడాదికి పదో పన్నెండో పెంచుతుంది. వదిలే ముందు ఒక్కోదాని పొట్టకు టేపు ముక్క తాకించి, మైక్రోస్కోపు కింద చూస్తుంది.

మన ప్లెయిన్ టైగర్‌కు ఆ కష్టం లేదు. ఆఫ్రికా నుంచి ఆసియా దాకా విస్తారంగా ఉంది. నేను పెంచకపోయినా దానికి నష్టం లేదు, ఖాళీ ప్లాట్లలో జిల్లేడు ఉంటే చాలు. ఆ మాట నాకు నేను ఒప్పుకున్నాక సంఖ్య కోసం ఆరాటం పోయింది. ఇప్పుడు పెంచేది దగ్గర్నుంచి చూడటానికే.

సీతాకోకచిలుకలు పొట్ట నింపుకోవడానికి పెరట్లో గడ్డిచామంతి పీకకుండా వదిలేశాను. గోడ పక్కన నాలుగు జనుము మొక్కలు వేశాను. అవి ఎండాక మగవి వచ్చి మూగుతాయి. ఆడదాన్ని పిలిచే వాసనకు కావలసిన సరుకు వాటికి ఆ మొక్కల్లోనే దొరుకుతుంది. మగదాన్ని గుర్తుపట్టడం తేలిక, వెనక రెక్క మధ్యలో మూడు నల్ల చుక్కలకు తోడు నాలుగోది ఉంటుంది.

కొత్తవాళ్లు కరివేపాకు మీది పురుగుతో మొదలుపెట్టినా మంచిదే. అది నిమ్మ సీతాకోకచిలుక. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక పచ్చగా ఉంటుంది, కదిలిస్తే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి వాసన కొడుతుంది. పాల భయం లేదు, పిల్లలకు ఇదే సురక్షితం. కుండీలోని కరివేపాకు మాత్రం మిగలదని ముందే అనుకోవాలి.

మార్చి చివర్నుంచి జూన్ దాకా నేను ఆపేస్తాను. మా పై అంతస్తు గదిలో ఆ ఎండకు ఆకు పూటలో వడలిపోతుంది. మొదటి వానలు పడి, జిల్లేడు కొత్త చిగురు వేశాక మళ్లీ ఆకుల అడుగు వెతకడం మొదలవుతుంది. ఊళ్లు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్లు, ఇంట్లో మరో మనిషి సాయం లేనివాళ్లు దీన్ని పెట్టుకోవద్దు. పొద్దున, సాయంత్రం ఇంట్లో ఉండేవాళ్లు మూడు గుడ్లతో మొదలుపెట్టండి. ప్రస్తుతం నా పంజరంలో ఏడు ప్యూపాలున్నాయి. ఆకుకు వేలాడినవి ఐదు ఆకుపచ్చగా, గుడ్డకు వేలాడినవి రెండు లేత గులాబీ రంగులో. పచ్చవాటిలో ఒకదానికి నిన్న రాత్రి నుంచి పొర పలచబడి లోపల నారింజ రెక్క కనిపిస్తోంది. అత్తమ్మ రేపు పొద్దున తనను తొందరగా లేపమంది.