ఫ్యాన్ పిట్టా, జనరల్ టికెట్టా: ఏది మేలు?

బెంగళూరులో పెద్ద రాక్ షో ప్రకటించారంటే చాలు, తిరుపతి, చిత్తూరు కుర్రాళ్లు అడిగేది ఒకటే: ఎక్కువ డబ్బు పెట్టి ఫ్యాన్ పిట్ (స్టేజీకి ఆనుకుని నిలబడే చోటు) కొనాలా, దాని వెనకుండే జనరల్ సరిపోతుందా? ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించినప్పటి నుంచీ ఉన్న ప్రశ్నే. బ్యాండును కళ్లెదురుగా చూడాలంటే పిట్. పాట వినాలంటే జనరల్, అదీ సౌండ్ కన్సోల్ (ఇంజనీరు శబ్దాన్ని సర్దే బల్ల) ముందు. నా ఓటు వినడానికే.

ఎందుకంటే, పెద్ద స్పీకర్లు స్టేజీకి రెండు పక్కలా ఎత్తున వేలాడతాయి. స్టేజీ ముందు బారికేడ్ దగ్గరున్నవాళ్లకు గాత్రం వినిపించేది ఎక్కువగా స్టేజీ అంచున పెట్టే చిన్న బాక్సుల నుంచే. డ్రమ్ములు, గిటార్ ఆంప్‌లు మాత్రం స్టేజీ మీంచి నేరుగా వస్తాయి, బేస్ వినిపించే సబ్‌వూఫర్లు కాళ్ల దగ్గరే ఉంటాయి. గుండె అదురుతుంది గానీ పాటలో మాట తెలీదు. ఇంజనీరు మిక్స్ (గొంతు, వాద్యాల పాళ్లు) సరిచేసేది కన్సోల్ దగ్గర తన చెవికి వినపడేదాన్ని బట్టే. అందుకే దానికి అయిదారు మీటర్ల ముందు నిలబడండి. సరిగ్గా మధ్య గీత మీద వద్దు: రెండు పక్కల సబ్‌లూ ఒకేసారి చేరి అక్కడ బేస్ ఉబ్బిపోతుంది. నాలుగడుగులు పక్కకి జరిగితే చాలు. కన్సోల్ వెనక అసలొద్దు, దాని గుడారం అడ్డం. ఇంకా వెనక్కిపోతే, డిలే టవర్లు (వెనకవాళ్ల కోసం మధ్యలో నిలబెట్టే స్పీకర్లు) లేని చోట, వంద మీటర్లకు శబ్దం దాదాపు 0.3 సెకన్లు ఆలస్యం. డ్రమ్ము దెబ్బ ముందు కనిపిస్తుంది, తర్వాత వినిపిస్తుంది. గాలి వీస్తే సింబల్స్ (డ్రమ్ముల పక్కన ఇత్తడి తాళాలు) మోత వచ్చీపోతూ ఉంటాయి.

పిట్‌లో ఊపు వేరే, కాదనను. కానీ ముందు వరస కావాలంటే గేట్లు తెరిచినప్పుడే లోపలుండాలి, బాత్రూమ్‌కి వెళ్తే చోటు పోయినట్టే. కొండమీది క్యూలో ఒత్తిడి వెనక నుంచే. ఇక్కడ నాలుగు దిక్కులా. నలిగిపోతున్నట్టుంటే మోచేతులు మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఎదురు తోయకండి. తోపులాట అల తగ్గినప్పుడు ఏటవాలుగా అంచుకు జరగండి. బారికేడ్ దగ్గరైతే చెయ్యెత్తండి, సెక్యూరిటీవాళ్లు పైకి లాగేస్తారు. లేసులు రెండు ముళ్లు వేయండి. ఫోన్ కిందపడితే ఒంటరిగా వంగొద్దు.

ఎక్కడున్నా చెవులకు ప్లగ్‌లు తప్పవు. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే హద్దు, ఫెస్టివల్ గంటల తరబడి సాగుతుంది. ఫోమ్‌వి సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. అవి కీచు స్వరాల్ని ఎక్కువ తినేస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్‌లు అన్నిటినీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి.

వీఐపీ అంటారా, కుర్చీ, మంచి బాత్రూమ్. ఆ వీఐపీ గ్యాలరీ ఓ పక్కకుంటే ఒకవైపు స్పీకరే వినిపిస్తుంది.

తిరుగు ప్రయాణం కూడా లెక్కలోదే. చివరి పాట అవగానే జనమంతా గేటు మీద పడతారు, క్యాబ్ దొరకదు. షో ముగిశాక గంటన్నర లోపు బయల్దేరే తిరుపతి బస్సు బుక్ చేయకండి, బోర్డింగ్ తిరుపతి దారిలోని కె.ఆర్.పురంలో పెట్టుకోండి. కన్సోల్ దగ్గరున్నవాళ్లు చివరి పాట సగంలో తేలిగ్గా బయటపడతారు, పిట్‌లో ఆ వీలుండదు.

టికెట్ కొనేముందు గ్రౌండ్ లేఅవుట్ బొమ్మ చూడండి. కన్సోల్ పిట్ లోపలే ఉందా, అప్పుడు మాత్రం పిట్ కొని, పిట్ వెనక భాగంలో, కన్సోల్‌కు ముందే నిలబడండి.