రిపోర్ట్‌లో ‘బ్యాటరీ: బాగుంది’ అని చూసి పాత ఎలక్ట్రిక్ కారు కొనకండి

పేరు రాయను. వాడిన కార్లు అమ్మే యాప్ అంటే చాలు, మీకే తెలిసిపోతుంది. పేజీల కొద్దీ తనిఖీ రిపోర్ట్, అన్నీ ఆకుపచ్చ టిక్కులే. అందులో ‘బ్యాటరీ: బాగుంది’ అని ఉంది. సరే కదా అని తీసుకున్నాను.

40 కిలోవాట్ అవర్, అంటే 40 యూనిట్ల బ్యాటరీ ప్యాక్ అది. 20 నుంచి 80 శాతం ఎక్కాలంటే 24 యూనిట్లు పట్టాలి. ఛార్జర్ మీద 18 కూడా నిండకుండానే కారు 80 చూపించేసింది. అనుమానం వచ్చి సర్వీస్ సెంటర్లో స్కాన్ చేయిస్తే ఎస్‌ఓహెచ్, అంటే బ్యాటరీలో మిగిలిన సత్తా, 71 శాతం! చాలా కంపెనీల వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, అదీ ఎస్‌ఓహెచ్ 70 శాతం కన్నా కిందకి పడిపోతేనే. ఒక్క శాతం తేడాతో నా బ్యాటరీ ‘ఆరోగ్యంగా’ ఉన్నట్టు లెక్క. అది 70 కిందకి దిగేలోగా గడువు ముగిసిపోతే అంతే సంగతులు. ఆ గడువు కూడా మొదటి ఓనర్ కొన్న రోజు నుంచే లెక్క.

యాప్ వాళ్లకి ఫోన్ చేశాను. అవతల మనిషి తీరిగ్గా రిపోర్ట్ తెరిచి, “కరెక్టే కదా సార్, అది 12 వోల్టుల బ్యాటరీ గురించి” అన్నాడు. లైట్లు, డోర్ లాకులు, లోపలి కంప్యూటర్లు నడిపే చిన్న బ్యాటరీ అన్నమాట! పెట్రోల్ కారులోనూ ఉంటుంది అది. “మరి కారుని నడిపే బ్యాటరీ సంగతేంటి?” అంటే, “అది మా చెక్‌లిస్ట్‌లో ఉండదు సార్. బండి నడుస్తోంది కదా?” అన్నాడు. ఆ ‘కదా’ దగ్గరే నాకు ఒళ్లు మండింది. నడవక ఏమవుతుంది, సగం దూరంలో ఛార్జర్ వెతుక్కుంటూ నడుస్తోంది!

పోనీ వదిలించుకుందామని అదే యాప్‌లో అమ్మకానికి పెట్టబోతే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? ‘ఎస్‌ఓహెచ్ రిపోర్ట్ అప్‌లోడ్ చేయండి.’ నాకు అమ్మేటప్పుడు చెక్‌లిస్ట్‌లో లేని బ్యాటరీ, నా దగ్గర కొనేటప్పుడు మాత్రం అన్నిటికన్నా ముందొచ్చింది. 71 అని పెట్టగానే వాళ్లు చెప్పిన రేటు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఫిర్యాదు స్టేటస్ ఇప్పుడు ‘పరిష్కరించబడింది’. ఎవరికి పరిష్కారమైందో మరి.

కొనేవాళ్లు కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్‌ఓహెచ్ రిపోర్ట్ చేతికొచ్చాకే డబ్బు కట్టండి. ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్తుందని డ్యాష్‌బోర్డ్ చూపించేది చూసి మురిసిపోకండి, ఈమధ్య బండి ఎలా నడిపారన్నదాన్ని బట్టి వేసే అంచనా అది. పాత ఓనర్ ఎక్కువగా ఫాస్ట్ ఛార్జింగే చేసేవాడా, ఫుల్ ఛార్జ్ చేసి ఎండలో వదిలేసేవాడా అని కూడా అడగండి. వారంటీ రెండో ఓనర్‌కి బదిలీ అవుతుందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఫోన్లో “అవుతుంది సార్” అంటే కుదరదు.