ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పదేళ్లకు పైగా: ఒక వెబ్ డెవలపర్ అనుభవం

2014 వర్షాకాలంలో, భారతీయ లిపుల కోసం చేసిన కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. అప్పటి నుంచి కంప్యూటర్‌లో నేను రాసిన ప్రతి తెలుగు ముక్కా దీనితోనే. నా వృత్తి వెబ్‌సైట్లు తయారు చేయడం. వాటిలో సగానికి పైగా తెలుగువే. టైపింగ్ కోసం నేర్చుకున్న ఈ కీబోర్డు నాకు టైపింగ్ కంటే వెబ్ పనిలో ఎక్కువ ఉపయోగపడింది. అది చెబుదామనే ఈ సమీక్ష.

అంతకుముందు అందరిలాగే ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునేవాణ్ణి. లేఖిని లాంటివి లేకపోతే మాలో చాలామంది నెట్‌లో తెలుగు రాసేవాళ్లే కాదు, ఆ మేలు మర్చిపోలేను. కానీ రోజుకు నాలుగైదు గంటలు రాయాల్సి వచ్చేసరికి ఇబ్బంది మొదలైంది. 'పళ్లెం' అనుకోగానే దాన్ని మనసులో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌గా మార్చుకోవాలి. ఏ అక్షరం చిన్నది, ఏది పెద్దది, హెచ్ ఎన్నిసార్లు కొట్టాలి అని ప్రతి మాటకూ ఒక చిన్న లెక్క. సాయంత్రానికి ఆ లెక్కలతోనే తల బరువెక్కేది.

ఇన్‌స్క్రిప్ట్‌కు కొత్తగా ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. విండోస్‌లో భాషల సెట్టింగ్స్‌కి వెళ్లి తెలుగు చేరిస్తే వచ్చే మామూలు 'తెలుగు' కీబోర్డు ఇదే. ఫోనెటిక్ పేరుతో కనిపించేది వేరు, అది ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో తెలుగు రాసేది. ఉబుంటులో, మ్యాక్‌లో కూడా సిద్ధంగా ఉంటుంది. విండోస్‌లో ఇంగ్లిష్‌కీ తెలుగుకీ మారడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే చాలు.

అమరిక చూడగానే భయపడతారు గానీ దానికి మంచి పద్ధతి ఉంది. ఎడమ చేతి కింద అచ్చులు, గుణింతాలు. కుడి చేతి కింద ఎక్కువగా హల్లులు. కె కీ మీద క, షిఫ్ట్‌తో ఖ. ఎల్ మీద త, షిఫ్ట్‌తో థ. ఓ మీద ద, షిఫ్ట్‌తో ధ. ఎఫ్ నొక్కితే గుడి, షిఫ్ట్‌తో ఇ. అన్నిటికంటే ఎక్కువ పని చేసేది డి కీ, దాని మీద పొల్లు ఉంటుంది. వత్తు కావాలంటే పొల్లు కొట్టి ఆ తర్వాత హల్లు కొట్టాలి. 'అమ్మ' అంటే షిఫ్ట్ డి, సి, డి, సి. అంతే.

నాకు చేయి కుదరడానికి మూడు వారాలు పట్టింది. కీల మీద స్టిక్కర్లు అంటించుకోకండి, చూపు కిందికి పోవడం అలవాటవుతుంది. నేను అమరికను ఒక కాగితం మీద గీసుకుని మానిటర్ అంచుకు అంటించుకున్నాను. రెండో వారం చివరికి దానివైపు చూడటం తగ్గింది, నెల తిరిగేసరికి తీసేశాను.

ఇక వెబ్ పనికి అది ఎలా ఉపయోగపడిందో చెబుతాను. ఇన్‌స్క్రిప్ట్‌లో మనం ఏ వరుసలో కీలు నొక్కుతామో, యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) అక్షరాలు అదే వరుసలో దాచి ఉంటాయి. 'స్త్రీ' తీసుకోండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆరు నొక్కులు. వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో ఆ మాట లెంగ్త్ (పొడవు) అడిగితే వచ్చేది కూడా ఆరే. కంటికి కనిపించేది మాత్రం ఒక్క అక్షరం. యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. పుస్తకంలో చదివి గుర్తుపెట్టుకోవాల్సిన ఈ సంగతి నా వేళ్లకే తెలిసిపోయింది.

ఒక దరఖాస్తు ఫారంలో ఈ తెలివిడి పనికొచ్చింది. పేరు గడికి 12 అక్షరాల పరిమితి పెట్టారు. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించి సరిపోయిందనుకున్నారు. 'లక్ష్మీప్రసన్న' అని ఒకమ్మాయి పేరు రాస్తే 'లక్ష్మీప్రసన' దగ్గర ఆగిపోతోంది. చదివేటప్పుడు ఐదే అక్షరాలు కదా, పన్నెండు ఎలా దాటిందని అందరూ తలలు పట్టుకున్నారు. వేళ్ల మీద కొట్టి చూస్తే పద్నాలుగు నొక్కులు. చివరి పొల్లు, న తెగిపోయాయి. అందుకే తెలుగు పేరుకు గడి పెట్టే ప్రతివాళ్లకూ చెబుతాను: కంటికి కనిపించే అక్షరాల లెక్కకు కనీసం మూడింతలు చోటు ఇవ్వండి. డేటాబేస్‌లో పరిమితి అక్షరాల్లోనా, బైట్లలోనా అన్నది కూడా విడిగా చూసుకోండి. ఎస్సెమ్మెస్ పంపే సైటైతే ఇంకో లెక్క ఉంది: ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, అదీ ఈ నొక్కుల లెక్క ప్రకారమే.

నా మనసులో బాగా నిలిచిపోయింది మాత్రం మా ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితా. సెలవుల్లో వెళ్లి ఆ జాబితాను వెతుక్కునేలా ఒక పేజీ చేసిపెట్టాను. 'పంట' అని వెతికితే సగం పుస్తకాలే వస్తున్నాయి. మిగతావి కళ్ల ముందే ఉన్నాయి, కానీ దొరకవు. గంటన్నర కుస్తీ పట్టాక ఒక పేరును నా ఎడిటర్‌లోకి తెచ్చి, నేను కొట్టిన 'పంట'ను దాని కిందే పెట్టాను. రెండు సున్నాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి, ఒకటి మాత్రం రవ్వంత పెద్దది. జాబితా ఎక్కించినవాళ్లు కొన్నిచోట్ల అనుస్వారానికి బదులు తెలుగు అంకె సున్నను కొట్టారు. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేరు కోడ్లు. ఇన్‌స్క్రిప్ట్‌లో అనుస్వారం ఎక్స్ కీ మీద విడిగా ఉంటుంది కాబట్టి నాకు ఆ అనుమానం వచ్చింది. తెలుగు అక్షరం పక్కన అంకె సున్న ఉంటే అనుస్వారంగా మార్చే రెండు లైన్లు రాశాను, పుస్తకాలన్నీ వచ్చాయి. తెలుగు డేటా ఎవరు ఇచ్చినా ఇప్పటికీ ముందు ఇదే వెతుకుతాను. విసర్గ బదులు ఇంగ్లిష్ కోలన్ ఉందేమో కూడా.

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట కింద వ వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒకరు పెట్టి ఒకరు పెట్టకపోతే వెతుకులాటలో రెండూ కలవవు. సెర్చ్ కోసం దాచే కాపీలో దాన్ని తీసేయండి, చూపించే కాపీలో ఉంచండి. మీ కీబోర్డులో అది ఏ కీ కలయిక మీద ఉందో మొదటిరోజే చూసి పెట్టుకోండి.

లోపాలూ ఉన్నాయి. పెద్దది కోట్ గుర్తులు. ఇన్‌స్క్రిప్ట్‌లో సెమీకోలన్ ఉండే చోట చ, కోట్ ఉండే చోట ట, స్క్వేర్ బ్రాకెట్ ఉండే చోట డ కూర్చున్నాయి. కోడ్ మధ్యలో తెలుగు వాక్యం రాసి, భాష మార్చకుండా కోట్ ముగించబోతే 'ట' పడుతుంది. లైను చివర సెమీకోలన్ బదులు 'చ' పడుతుంది. జావాస్క్రిప్ట్‌లో తెలుగు అక్షరాన్ని వేరియబుల్ పేరుగా వాడొచ్చు కాబట్టి, వచ్చే ఎర్రర్ తప్పు అక్షరం పడిందని కాకుండా అనుకోని పేరు వచ్చిందని చెబుతుంది. డెడ్‌లైన్ రోజు అది చూస్తే ఎంత టెన్షనో. అందుకే తెలుగు మాటలన్నిటినీ విడి ఫైల్లో పెట్టి, కోడ్ ఫైల్లో తెలుగు అస్సలు రాయడం మానేశాను. ఎలాగూ మంచి పద్ధతి అదే. రెండోది ఒత్వం. తరచుగా వచ్చే 'కొ, పొ, చొ'ల కోసం చిటికెన వేలు ఎడమ మూలకు, ఒకటి అంకె పక్కదాకా సాగాలి. ఇన్నేళ్లైనా అది నాకు సుఖంగా లేదు.

మెచ్చుకోవాల్సింది ఇంకొకటుంది. 1991లో ఇస్కీ అనే భారతీయ లిపుల కోడ్ పద్ధతితో పాటు భారతీయ ప్రమాణంగా వచ్చిన ఈ అమరిక మన లిపులన్నిటికీ దాదాపు ఒకటే. ఒకసారి కన్నడ సైటు పని వచ్చినప్పుడు లిపి చదవడం నేర్చుకున్నాను గానీ, టైపింగ్ విడిగా నేర్చుకోలేదు. కె కీ అక్కడా క-కారమే, డి కీ అక్కడా పొల్లే.

నెలకోసారి నాలుగు లైన్లు రాసేవాళ్లకు ఫోనెటిక్ చాలు, ఫోన్‌లో నేనూ అదే వాడతాను. రోజూ తెలుగు రాసేవాళ్లు, ముఖ్యంగా తెలుగు పేజీలు తయారుచేసేవాళ్లు ఆ మూడు వారాలు కేటాయించండి. మొదటి వారం పనిరోజుల్లో మొదలుపెట్టకండి. నేను దసరా సెలవుల కోసం ఆగకుండా మొదలుపెట్టి, ఇవ్వాల్సిన పని రెండు రోజులు ఆలస్యం చేశాను.