మెంఫిస్ మేలా, మాంట్‌గోమరీ మేలా?

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో పిల్లలు హైస్కూలుకు వచ్చినవాళ్లు లాంగ్ వీకెండ్ దగ్గరపడగానే అడిగే ప్రశ్న ఇది. అమెరికా నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమం గురించి ఏదైనా చూపించాలి, మెంఫిస్ తీసుకెళ్లాలా, మాంట్‌గోమరీయా? ఊళ్లోనే ఉన్న, ఆ ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు, సమాధి చాలామంది చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

మెంఫిస్‌కు ఆరు గంటల డ్రైవ్. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన లొరేన్ మోటెల్‌నే 1991లో మ్యూజియంగా మార్చారు. ఆయన ఆ ఊరికి వచ్చింది పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు అండగా. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇద్దరు కార్మికులు చెత్త లారీలో నలిగి చనిపోతే మిగతావాళ్లు పని ఆపేసి, 'నేను మనిషిని' అని రాసిన అట్టలు పట్టుకుని రోడ్డెక్కారు. ఇదంతా చూసుకుంటూ చివరికి 306వ నంబరు గది దగ్గరికి చేరతాం. రోడ్డవతల భవనంలో తరవాతి సంగతులు కూడా పెట్టారు గానీ, ఆ గది చూశాక మనసు ఇంకేదీ తీసుకోదు. కింగ్ చనిపోయారు, కథ అయిపోయింది అనుకుని పిల్లలు బయటికొస్తారు. మెంఫిస్‌తో నా పేచీ అదొక్కటే.

నా దృష్టిలో తేల్చాల్సిందీ అదే. ఉద్యమం ముగిసిపోయిందని చెప్పే చోటు కావాలా, ఇంకా ఏం మిగిలిందో అడిగే చోటు కావాలా?

మాంట్‌గోమరీ రెండున్నర గంటల దూరం. అక్కడి లెగసీ మ్యూజియాన్ని 2018లో తెరిచి, 2021లో పెద్ద భవనంలోకి మార్చారు. పెట్టింది బ్రయాన్ స్టీవెన్సన్ నడిపే ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్. మరణశిక్ష పడ్డ ఖైదీల తరఫున వాదించే లాయర్లు వాళ్లు. అందుకే కథ బానిసత్వంతో మొదలై, నల్లవాళ్లను మూకలు చంపి చెట్లకు వేలాడదీసిన రోజులు, వేరు బడులు, వేరు బస్సు సీట్లు దాటుకుని నేటి జైళ్ల దాకా వస్తుంది. అరల నిండా గాజు సీసాలుంటాయి. ఒక్కో సీసాలో ఒక్కో హత్య జరిగిన చోటి మట్టి, పైన మనిషి పేరు, ఊరు, తేదీ. ఎర్రమట్టి, ఇసుక, నల్లమట్టి, ఏ రెండూ ఒకే రంగులో ఉండవు. మా పిల్లలు ఎక్కువసేపు నిలబడింది అక్కడే.

అదే ఊళ్లో గుట్ట మీద, అలా మూకల చేతుల్లో చనిపోయినవాళ్ల స్మారకం ఉంది. కౌంటీకొకటి చొప్పున 800కు పైగా ఉక్కు దిమ్మెలు. మొదట మన ఎత్తులోనే ఉంటాయి, పేర్లు చదువుకుంటూ నడుస్తాం. నడిచేకొద్దీ నేల కిందికి దిగిపోతుంది, దిమ్మెలు తల మీద వేలాడతాయి.

ఇవన్నీ మనకెందుకని అడిగేవాళ్లకు ఒక్క మాట. 1965కు ముందు భారతీయుల వలస కోటా ఏడాదికి 100 మంది. దాన్ని తీసేసిన వలస చట్టం, నల్లవాళ్ల ఓటుకు రక్షణ ఇచ్చిన చట్టం రెండూ ఆ ఏడాదే వచ్చాయి. పౌరహక్కుల పోరాటం తెచ్చిన ఊపు లేకపోతే ఆ కోటా అప్పుడు పోయేది కాదు. మనం ఇక్కడ ఇళ్లు కొనుక్కుని ఉంటున్నామంటే అందులో వాళ్ల దెబ్బలు కూడా ఉన్నాయి. ఇది పిల్లలకు కారులోనే చెప్పండి.

బర్మింగ్‌హామ్ కూడా మంచిదే. 1963లో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపిన చర్చి, దాని ఎదురుగా మ్యూజియం, పక్కన పార్కు ఒక పూటలో అయిపోతాయి. వాషింగ్టన్‌లోని నల్లవాళ్ల చరిత్ర మ్యూజియం మరీ పెద్దది, అటు వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.

పదేళ్ల లోపు పిల్లలైతే మాత్రం మెంఫిస్ నయం, మాంట్‌గోమరీ వాళ్లకు భారమవుతుంది. పెద్దపిల్లలుంటే మాంట్‌గోమరీకే నా ఓటు. పొద్దున్నే మ్యూజియం, మధ్యాహ్నం తరవాత స్మారకం పెట్టుకోండి. మ్యూజియానికి కనీసం మూడు గంటలు ఉంచుకోండి.