బెంగళూరులో 737 సిమ్యులేటర్ ఎక్కాం, నాన్నకి శ్రీశైలం ఘాట్ గుర్తొచ్చింది

ముందే చెప్పేస్తున్నా, అరగంట ప్యాకేజీ మాత్రం తీసుకోకండి, డబ్బులు దండగ. వెళ్తే గంటదానికే వెళ్ళండి, అదీ కూర్చోగానే "ఆటోపైలట్ వద్దు, ల్యాండింగ్ నా చేత్తోనే, మీరు చెయ్యి పెట్టొద్దు" అని గట్టిగా చెప్పండి. ఎందుకో తెలియాలంటే కింద చదవండి, కాస్త పొడుగే.

సెంటర్ పేరు రాయట్లేదు, తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి కాబట్టి. ఔటర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లో ఒక బిల్డింగు, కింద ఫర్నిచర్ షాపు, పైన జిమ్ము, మధ్య అంతస్తులో బోయింగ్ 737-800. మొత్తం విమానం కాదు లెండి, ముక్కు వరకే. లోపల రెండు సీట్లు, నెత్తి మీద స్విచ్చులే స్విచ్చులు, ముందు అర్ధచంద్రంలా వంచిన తెర, దాని మీదకి ప్రొజెక్టర్లు. గంటకి జీఎస్టీతో కలిపి 6,000 దాటింది.

నాకు ఇదంతా కొత్త కాదు. 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఆడుతూనే ఉన్నా, ఒక జాయ్‌స్టిక్కు, ఫ్రీగా దొరికే ఏ320 మోడ్ (గేములో అదనంగా కలుపుకునే ఎయిర్‌బస్ విమానం), రాత్రి పిల్లాడు పడుకున్నాక బెంగళూరు నుంచి హైదరాబాద్ ఒక ట్రిప్పు. మా ఆవిడ దానికి నైట్ డ్యూటీ అని పేరు పెట్టింది. ఈ బుకింగ్ మా నాన్న కోసం. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాడు, మార్కాపురం డిపో, సర్వీసులో సగం దోర్నాల మీదుగా శ్రీశైలం రూటే. జీవితంలో విమానం ఎక్కింది రెండే సార్లు, రెండు సార్లూ ఆయన అడిగింది ఒకటే, "డ్రైవరు కనపడడేందిరా".

మాకు దొరికిన ఇన్‌స్ట్రక్టర్ కుర్రాడు మంచోడు. కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉంది, అంటే 200 గంటలు గాల్లో ఎగిరొచ్చినవాడే, ఎయిర్‌లైన్ ఉద్యోగం కోసం చూస్తూ ఈలోపు ఇక్కడ చేస్తున్నాడు. పాపం ఇక్కడ ఎన్ని గంటలు కూర్చున్నా లాగ్‌బుక్కులోకి ఎక్కవు. కోలార్ వైపు వాళ్ళంట, తెలుగు మనలాగే మాట్లాడతాడు, అది మాకు పెద్ద అదృష్టం, ఎందుకంటే ఇంగ్లీషులో ఐతే నాన్న గంటసేపూ తలూపి వచ్చేసేవాడు.

మొదటి పది నిమిషాలు నవ్వలేక చచ్చా. గేటు దగ్గర్నుంచి రన్‌వే దాకా నేల మీద పోవాలి కదా, నాన్న ముందున్న స్టీరింగ్ లాంటిది పట్టుకుని ఇటు తిప్పుతాడు అటు తిప్పుతాడు, విమానం మాత్రం గడ్డి వైపుకే. అది నేల మీద పనిచెయ్యదు, రెక్కల చివర్లు ఆడించడానికది. నేల మీద చిన్న మలుపులకి కాళ్ళ కింద పెడల్స్, పెద్ద మలుపులకి ఎడమ చేతి పక్కనుండే చిన్న చక్రం. బ్రేకులు కూడా ఆ పెడల్స్ పైభాగంలోనే, కాలి వేళ్ళతో తొక్కాలి. "స్టీరింగ్ తిప్పితే తిరగదు, బ్రేకు తొక్కబోతే తిరుగుతుంది, ఇదేం బండి బాబూ" అన్నాడు. కానీ మలుపు దగ్గర మాత్రం ఆయనే నెగ్గాడు. ముక్కు చక్రం పైలట్ కూర్చునేచోటికి వెనక ఉంటుంది కాబట్టి గీత దాటి ముందుకెళ్ళాక తిప్పాలి, ఈ ముక్క కుర్రాడు చెప్పేలోపే నాన్న తిప్పేశాడు, పొడుగు బండి అలవాటు మరి. నేను ఇంట్లో ఇన్నేళ్ళుగా గడ్డిలో దింపుతున్నది అక్కడే.

ఇంకోటి, విమానం నేల మీదే ఉంది, ఎత్తు చూపించే మీటరేమో 3,000 అడుగులంటోంది. పాడైందేమో అన్నాడు. పాడవ్వలేదు, అది సముద్రమట్టం నుంచి లెక్క, బెంగళూరు ఎయిర్‌పోర్టే అంత ఎత్తులో ఉంది. చెన్నై ఎయిర్‌పోర్టులో ఐతే అదే మీటరు 50 చిల్లర చూపిస్తుంది.

టేకాఫ్ బాగా చేయించారు. ఫ్లాప్స్ (తక్కువ స్పీడులోనూ విమానం తేలడానికి రెక్కల వెనక దించే పలకలు) 5 పెట్టి, థ్రస్ట్ లీవర్లు, అంటే ఇంజన్ పవర్ పెంచే కడ్డీలు, సగం దాకా తోసి రెండు ఇంజన్లూ సమానంగా అందుకున్నాక అప్పుడు పూర్తి పవర్. కుర్రాడు 80 నాట్స్ (విమానం స్పీడు కొలత) అని అరుస్తాడు, తర్వాత వీ-వన్ అంటాడు, అనగానే నాన్న చేతిని లీవర్ల మీద నుంచి తీయించాడు. వీ-వన్ దాటాక ఇంజన్ పోయినా సరే ఇంక ఆగకూడదు, మిగిలిన రన్‌వేలో ఆగదు, ఎగరాల్సిందే, పొరపాటున పవర్ వెనక్కి లాగకుండా చెయ్యే తీసేస్తారు. నాన్నకి ఇది ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చాక అమ్మకి, పక్కింటాయనకి, చివరికి పాలబ్బాయికి కూడా చెప్పాడు.

పడమటి వైపు లేచాం కాబట్టి కుడి పక్కన నంది హిల్స్ కనపడాలి. కనపడింది, కానీ ఇసుక ట్రాక్టరు తిరగేసిపోయినట్టుంది. ఇంట్లో నా లాప్‌టాప్‌లో ఇంతకంటే కొండలా ఉంటుంది. పైగా ఎడమ ప్రొజెక్టర్ పచ్చగా, మధ్యది నీలంగా, తెర అతుకు దగ్గర ఆకాశం రెండు ముక్కలు. ఇంత డబ్బు తీసుకునే చోట ఆ రంగులు సరిచేయించుకోవడానికి ఏం రోగమో.

సరే, అసలు విషయం దిగడం దగ్గరుంది. జెట్ విమానం ముక్కు వంచితే కిందకి దిగుతుంది, దాంతోపాటు స్పీడూ పెరుగుతుంది. ఎత్తు తగ్గాలి, స్పీడు కూడా తగ్గాలి, రెండూ ఒకేసారి అంటే అది వినదు, అందుకే దూరం నుంచే ప్లాన్ చేసుకోవాలి, 1,000 అడుగులు దిగడానికి సుమారు 3 నాటికల్ మైళ్ళు కావాలని ఒక మోటు లెక్క. నేను ఈ లెక్క వీడియోలు చూసి నేర్చుకోవడానికి నెలలు పట్టింది. కుర్రాడు రెండు మాటలు చెప్పగానే నాన్న "అంటే ఘాట్ దిగినట్టు, వాలులో బండి పరిగెత్తాక బ్రేకు తొక్కితే లాభం లేదు, మలుపు రాకముందే గేరు మార్చి పట్టుకోవాల" అన్నాడు. కుర్రాడు నా వైపు చూశాడు, నేను కుర్రాడి వైపు చూశా. ఇక అక్కణ్ణుంచి ఫ్లాప్స్ ఎప్పుడు, గేర్ ఎప్పుడు అనేది నాన్నే ముందుగా అడగడం మొదలుపెట్టాడు. ఇక్కడ గేర్ అంటే చక్రాలు దించడం అని చెప్తే మాత్రం కాసేపు ఒప్పుకోలేదు.

రన్‌వే పక్కన నాలుగు లైట్లుంటాయి, రెండు తెల్లగా రెండు ఎర్రగా కనపడితే సరైన వాలులో ఉన్నట్టు, నాలుగూ ఎర్రగా ఐతే బాగా కిందున్నట్టు. స్పీడు 145 నాట్స్ దగ్గర పట్టుకుని, నిమిషానికి 700, 750 అడుగుల చొప్పున దిగాలి. మొదటి ల్యాండింగ్ మెత్తగా పడింది, కుర్రాడు చప్పట్లు కొట్టాడు, ఫోటో అబ్బాయి వచ్చేశాడు. నాన్న నవ్వలేదు. "నువ్వే దింపావు గదా బాబూ, స్టీరింగ్ నా చేతిలో దానంతటదే కదిలింది" అన్నాడు. నిజమే, రెండు వైపులా ఉన్నవి ఒకదానికొకటి కలిపే ఉంటాయి, పక్కవాళ్ళు లాగితే మనదీ కదులుతుంది. కుర్రాడు సిగ్గుపడి ఒప్పుకున్నాడు, కస్టమర్లందరూ సంతోషంగా వెళ్ళాలని అలా చెయ్యమంటారంట. నాకు ఒళ్ళు మండింది అక్కడే. ల్యాండింగ్ నేర్పిస్తామని బోర్డు పెట్టి, దింపేది వాళ్ళు, సర్టిఫికెట్ మాత్రం మన పేరు మీద. అరగంట ప్యాకేజీ వాళ్ళకి దొరికేది ఆ ఒక్క ల్యాండింగే, అందులో పావుగంట బ్రీఫింగ్‌కే పోతుంది.

మేం గట్టిగా అడిగితే మళ్ళీ పది మైళ్ళ దూరంలో పెట్టాడు, ఈసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. యాభై, నలభై, ముప్పై అని మిషను లెక్కపెడుతోంది, ఇరవై అడుగుల దగ్గర ముక్కు కొంచెం, కొంచెమే ఎత్తాలి, నాన్న నలభైకే లాగేశాడు, విమానం తేలిపోయి ఆ తర్వాత దబ్బున పడి ఎగిరి మళ్ళీ పడి మధ్య గీతకి ఎడమ పక్కన ఆగింది. "ప్యాసింజర్లు తిడతారు" అన్నాడు. మూడోది బాగుంది. మెత్తగా అని చెప్పను, కానీ గీత మీదే పడింది, చక్రాలు ఆనగానే లీవర్లు ఎత్తి రివర్స్ (ఇంజన్ గాలిని ముందుకి మళ్ళించి విమానాన్ని ఆపేది) లాగడం కూడా మర్చిపోలేదు. ఆ మూడో ల్యాండింగ్‌కే నేను డబ్బులిచ్చానని లెక్కేసుకున్నా.

మిగతా చిన్నచిన్నవి. కాక్‌పిట్ కదలదు. ఎయిర్‌లైన్ పైలట్లు ట్రైనింగ్ చేసేవి ఆరు కాళ్ళ మీద నిలబడి అటూ ఇటూ ఊగుతాయి, ఇది నేలకి బోల్టులేసి బిగించింది, ఇన్‌స్టాలో వీళ్ళ వీడియో చూస్తే మాత్రం ఊగుతున్నట్టే ఉంటుంది, కెమెరా ఊపారేమో. కదలని సీటు, తిరిగే తెర, వెనక కూర్చున్న నాకు కడుపులో తిప్పింది, టిఫిన్ ఎక్కువ తిని వెళ్ళకండి. లోపల ఉక్క. పక్కనుండే ట్రిమ్ చక్రం (ముక్కు పైకీ కిందకీ పోకుండా సరిచేసేది) మాత్రం టకటకా తిరుగుతూ మోకాలికి తగిలేంత దగ్గర్లో, అచ్చం అసలుదానిలా ఉంది, అది మీ ఇంట్లో కీబోర్డుతో రాదు. ఫోటోలకి వేరే డబ్బులు, వద్దనండి. పార్కింగ్ లేదు, ఫర్నిచర్ షాపు వాచ్‌మన్‌తో గొడవపడే ఓపికుంటే కారేసుకెళ్ళండి.

స్కూలు పిల్లలకి ఊరికే చూపిద్దాం అనుకుంటే పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో హెచ్ఏఎల్ మ్యూజియం ఉంది, అక్కడ నిజం విమానాలే బయట నిలబెట్టి ఉంటాయి, తక్కువలో అయిపోతుంది. ఇది మాత్రం నిజంగా నడపాలన్న సరదా ఉన్నవాళ్ళకే.

ఐదుకి మూడున్నర స్టార్లు. అర స్టారు ఆ కుర్రాడికి. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం, నాన్న రాత్రిపూట ల్యాండింగ్ కావాలన్నాడు, నైట్ అవుట్ అలవెన్సు ఎవరిస్తారో ముందే తేల్చుకోమన్నాడు.