మూడేళ్ల ప్లేరైట్ వాడకం: టైమ్‌అవుట్ల దగ్గర తిన్న దెబ్బలు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఇంటి నుంచే టెస్టింగ్ పని చేస్తాను. రొయ్యల మేత డీలర్లు బిల్లులు వేసుకునే వెబ్‌సైట్ మాది. బ్రౌజర్‌ని మనిషిలా నడిపి వెబ్‌సైట్‌ని పరీక్షించే సాధనం సెలీనియం. అందులో అడుగడుక్కీ స్లీప్ (ఇన్ని సెకన్లు ఆగు అనే ఆదేశం) పెట్టి పెట్టి విసిగిపోయి, అదే పని చేసే ప్లేరైట్‌కి మారాను. బటన్ కనబడి, నొక్కడానికి వీలయ్యేదాకా అదే ఆగుతుంది. ఈ ఒక్క సుఖం కోసమైనా వాడొచ్చు.

ఇందులో టైమ్‌అవుట్, అంటే గడువు, టెస్టుకి 30 సెకన్లు, ఎక్స్‌పెక్ట్‌కి (అనుకున్నది పేజీలో వచ్చిందా అని చూసే తనిఖీకి) 5 సెకన్లు ముందే అమర్చి ఉంటాయి. క్లిక్, ఫిల్ (గడి నింపడం) లాంటివాటికి మాత్రం విడిగా గడువు లేదు. ఒక్క క్లిక్ మొరాయించిందంటే మిగిలిన టైమంతా అదే మింగేస్తుంది. బిఫోర్ఈచ్‌లో (ప్రతి టెస్టుకీ ముందు నడిచే భాగంలో) అయ్యే టైమ్ ఖర్చు కూడా ఆ 30లోదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా లాగిన్ అక్కడే ఉంది, రాత్రిపూట దానికే 12 సెకన్లు. అసలు టెస్టుకి మిగిలేది 18. రాత్రి సర్వర్‌లో పడిపోయిన టెస్టు పొద్దున నా ల్యాప్‌టాప్‌లో ఏమీ ఎరగనట్టు పాసయ్యేది.

ఈ టెన్షన్ పడలేక టెస్టుకి 120, ఎక్స్‌పెక్ట్‌కి 60 సెకన్లు పెట్టేశాను. ఫెయిలైన టెస్టుల ఎరుపు మాయమైంది, హాయిగా నిద్రపోయాను. నెల తర్వాత అల్లూరు నుంచి ఒక డీలర్ ఫోన్: "ఏందబ్బయా, బిల్లు వచ్చేలోపు టీ తాగొస్తుండా. లారీ వాడు ఆగేటట్టు లేడు." చూస్తే బిల్లు పేజీకి 40 సెకన్లు పడుతోంది. మా టెస్టు రోజూ ఆ 40 సెకన్లూ ఓపిగ్గా కూర్చుని పాస్ అని రాసిపెట్టింది.

అప్పుడు రెండు వారాల ట్రేసులు (టెస్టు అడుగడుగునా ఏం చేసిందో చెప్పే రికార్డులు) ముందేసుకుని, ఏ పనికి మామూలుగా ఎంత పడుతోందో కాగితం మీద రాసుకున్నాను. క్లిక్కులకి 10 సెకన్లు కట్టేశాను. మిగతా రెండూ మళ్లీ 30, 5. లాగిన్ ఒక్కసారే చేసి, ఆ స్టేట్‌ని (లాగినై ఉన్న స్థితిని) ఫైల్లో దాచి అన్ని టెస్టులకీ వాడుతున్నాను. టెస్టుల్ని సర్వర్‌లో వాటంతటవే నడిపించే గిట్‌హబ్ యాక్షన్స్‌లో జాబ్‌కి (ఒక విడత పనికి) మనమేమీ చెప్పకపోతే 6 గంటలదాకా నడవనిస్తుంది, దాన్ని 20 నిమిషాలకి కుదించాను.

నెలవారీ పీడీఎఫ్ టెస్టుకి మాత్రం టెస్ట్.స్లో పెట్టక తప్పలేదు. గడువు మూడింతలై 90 అవుతుంది. పీడీఎఫ్‌కి ఇప్పటికీ 50 సెకన్లు. డెవలపర్‌కి టికెట్ వేసి రెండు నెలలైంది, ఇంకా తెరవనేలేదు.